తల్లిని, బిడ్డను, ఇంటిని చూచు చదువు



నర్సు అనగానే మన మనస్సునకు తోచునది ఆసుపత్రి. ఇనుపమంచము, మందుసీసా, సూది, తెల్లని దుస్తులు. రోగి లేనిచోట నర్సుకు పని యేమని మనవారు తలంతురు. రోగము లేని యింటికి, నిక్షేపముగా పుట్టిన బిడ్డయొద్దకు, ఎవరును కబురంపకయే వచ్చు నర్సును గూర్చి నేడు నేను చెప్పదలచితిని. అట్టి నర్సు కావలెనన్నచో, మామూలు నర్సు చదువు ముగించి, సాధారణముగా కొంతకాలము పనిచేసి, ఆ పిమ్మట మరల విశ్వవిద్యాలయములో చేరి చదువవలెను. ఆ పైచదువునకు 'చైల్డ్ అండ్ ఫ్యామిలీ హెల్త్ నర్సింగ్' అని పేరు. శిశు కుటుంబారోగ్య పరిచర్య యని మనము చెప్పుకొందము.

నేను చాలకాలము నర్సు విద్యార్థినులకు పాఠములు చెప్పినదానను. ఏటేట ఎవరో యొక పిల్ల తండ్రియో తాతయో వచ్చి నన్ను ఒకే ప్రశ్న అడుగుచుండెడివారు. "నాలుగేళ్ళు చదివింది కదమ్మా, ఉద్యోగం దొరుకుతుంది కదా, ఇంకా చదువేమిటి? అందులోనూ పసిపిల్లల్ని పెంచడానికి చదువా? మా అమ్మ అక్షరం ముక్క రాకుండానే ఎనిమిదిమందిని పెంచింది." ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఆ తల్లి నేర్పును ఏ విశ్వవిద్యాలయమును కాదనజాలదు. అయినను ఆ యెనిమిదిమందిని అడిగిన పిమ్మట, పుట్టినవారు ఎందరని కూడ అడుగవలసియున్నది. పదిమంది పుట్టి ఎనిమిదిమంది మిగిలిన యిండ్లు మన యూళ్ళలో ఎన్నో యుండెను.

ఈ చదువు ఇప్పుడు చక్కగా వేరూనియున్న దేశములలో ఆస్ట్రేలియా యొకటి. అచట మెల్బోర్న్ నగరములో మా కుమార్తె యింట కొన్ని మాసములుండి, ఆ నర్సుల పనిని దగ్గరగా చూచితిని. కనుక ప్రధానముగా ఆ దేశపు సంగతియే చెప్పెదను.

ముందుగా దీని పుట్టుక. 1862లో ఇంగ్లండులోని మాంచెస్టరు, సాల్ఫర్డు పట్టణముల స్త్రీసంఘ మొకటి, బీదల వాడలలో ఇల్లిల్లు తిరిగి శుభ్రతను గూర్చి చెప్పుటకు ఒక స్త్రీని జీతమిచ్చి నియమించెను. ముప్పది సంవత్సరముల తరువాత, మనమందరము పేరు విన్న ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ పనిని పల్లెలకు తీసికొనిపోయెను. 1892 ప్రాంతమున బకింగ్‌హామ్‌షైర్ అను జిల్లాలో ఆమె ప్రోద్బలముచే పల్లెటూరి స్త్రీలకు ఆరోగ్యబోధ చేయు స్త్రీలను తరగతులు పెట్టి, పరీక్షలు జరిపి తయారుచేసిరి. రోగికి పరిచర్య చేయుట వేరు, ఆరోగ్యముగా నున్న యింటిని ఆరోగ్యముగా నిలుపుట వేరు, రెండవదానికి వేరు శిక్షణ యుండవలెనని నైటింగేల్ అభిప్రాయము. నేటి పైచదువునకు మూలము ఆ మాటలోనే కలదని నా నమ్మకము.

1900 ప్రాంతమున ఆస్ట్రేలియాలో పుట్టిన ప్రతి వేయిమందిలో సుమారు నూరుగురు బిడ్డలు ఏడాది నిండకమునుపే చనిపోవుచుండిరి. వేసవిలో చెడిన ఆవుపాలు, వాటివలన విరేచనములు ముఖ్యకారణములు. 1907లో న్యూజిలాండులో ట్రూబీ కింగ్ అను వైద్యుడు ప్లంకెట్ సంఘమును స్థాపించి, తల్లులకు బోధించు నర్సులను తయారుచేయ మొదలిడెను. 1917లో మెల్బోర్న్ నగరపు రిచ్‌మండ్ పేటలో డాక్టర్ ఇసబెల్లా యంగర్ రాస్ అను వైద్యురాలి పూనికతో శిశు ఆరోగ్యకేంద్రము వెలసెను. 1918లో సిడ్నీలో తల్లుల యొక్కయు శిశువుల యొక్కయు క్షేమమునకై ఒక సంఘ మేర్పడి, 1921లో ట్రెసిలియన్ అను పేర నర్సులకు శిక్షణ యిచ్చు గృహమును తెరచెను. నేడు ఆ దేశమున వేయిమందిలో సుమారు ముగ్గురు మాత్రమే ఏడాదిలోపల పోవుచున్నారు. ఇదంతయు నర్సుల వలననే యని నేననను. మంచినీరు, టీకాలు, మందులు, కడుపునిండ తిండి, అన్నియు కలిసి వచ్చినవి. కాని ఇవన్నియు ఉన్నవని తల్లి చెవిని వేసి, వాడుకలోనికి తెచ్చినవారిలో ఆ నర్సులు ముఖ్యులు.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. ఆ ట్రూబీ కింగ్ గారు బిడ్డకు గడియారము చూచి నాలుగేసి గంటల కొకసారి పాలియ్యవలెననియు, రాత్రివేళ ఈయరాదనియు, ఊరక ఎత్తుకొని ముద్దుచేయరాదనియు శాసించెను. వేలకొలది నర్సులు ఆ శాసనమును ఇంటింటికి మోసిరి. తల్లులు తలుపు ప్రక్క నిలిచి, గడియారము వంక చూచుచు, బిడ్డ ఏడ్పు విని తామును ఏడ్చిరి. తరువాతి పరిశోధనలు ఆ పద్ధతిని కొట్టివేసినవి. బిడ్డ ఆకలి చూచి పాలియ్యవలెను, ఏడ్చినప్పుడు ఎత్తుకొనవలెను అని ఇప్పటి విద్య చెప్పుచున్నది. మన అమ్మమ్మలు ఏ పరీక్షయు వ్రాయకయే చేసినది ఇదియే గదా! మీలో కొందరిప్పుడు నవ్వుకొనుచుందురు. నవ్వుకొనుడు, కాని తరువాతి సంగతి వినుడు.

బిడ్డను ఎట్లు పరుండబెట్టవలెను? ఇది ఎంత చిన్న ప్రశ్న! ఇరువదవ శతాబ్ది నడుమ నుండి పాశ్చాత్యదేశముల ప్రసిద్ధ గ్రంథములు కొన్ని, బిడ్డను బోర్లా పరుండబెట్టుడని చెప్పినవి. వెల్లకిల పరుండి వాంతి చేసికొన్నచో ఊపిరి అడ్డుకొనునని వారి భయము. ఆసుపత్రులలో నెలలు నిండని బిడ్డలు బోర్లా పరుండినప్పుడు ఊపిరి సులువుగా తీసికొనుటయు ఆ నమ్మకమునకు బలమిచ్చెను. నర్సులు దానినే బోధించిరి. అంతలో రాత్రి ఆరోగ్యముగా పరుండిన బిడ్డ తెల్లవారుసరికి ఉయ్యాలలో ప్రాణము లేక కనబడుట అక్కడక్కడ జరుగుచుండెను. రోగము లేదు, దెబ్బ లేదు, కారణము తెలియదు. కొన్నిచోట్ల తల్లినే అనుమానించిరి. 1980ల చివర న్యూజిలాండులోను, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపములోను, ఇంగ్లండులోను జరిగిన పరిశోధనలలో బోర్లా పరుండు బిడ్డలకే ఈ ఆపద హెచ్చని రూఢియయ్యెను. 1991లో ఆస్ట్రేలియాలో బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని ప్రచారము మొదలుపెట్టిరి. ఇంటింటికిపోయి ఆ మాట చెప్పినవారు ఈ నర్సులే. కొద్ది సంవత్సరములలోనే అట్టి మరణములు సగమునకు మించి తగ్గిపోయినవి.

ఇక గుండె కలచు సంగతి. 2005లో ప్రచురింపబడిన ఒక పరిశీలన ఏమి చెప్పినదనగా, బోర్లా పరుండుట ప్రమాదమని తెలుపు ఆధారములు 1970 నాటికే వైద్యపత్రికలలో అక్కడొకటి ఇక్కడొకటి పడియున్నవట. వాటినన్నిటిని ఎవరైనను ఒకచోట చేర్చి చదివియున్నచో, బ్రిటన్ దేశమున పదివేలకు మించి, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతములన్నియు కలిపి కనీసము ఏబదివేల బిడ్డలు బ్రతికియుండెడివారని లెక్కగట్టిరి. పత్రికలలో ఉన్నది, చదివినవారు లేరు. నర్సులు తమకు పూర్వము నేర్పిన పాఠమునే భక్తితో వల్లించిరి.

పైచదువెందుకని అడిగిన తాతగారికి నేనిచ్చు సమాధానము ఇదియే. నాలుగేండ్ల చదువులో పాఠము నేర్చుకొందురు. పైచదువులో ఆ పాఠమును ప్రశ్నించుట నేర్చుకొందురు. వందమంది బిడ్డలను చూచి వ్రాసిన వ్రాతకును, పదివేలమందిని చూచి వ్రాసినదానికిని భేదమేమి, పోల్చినప్పుడు సమానులను సమానులతో పోల్చిరా లేదా, ఒకదాని వెంట మరియొకటి వచ్చినంతమాత్రమున మొదటిది రెండవదానికి కారణమగునా, ఇట్టి విచారణకే ఆ చదువులో ఒక పెద్ద భాగము కేటాయింపబడియున్నది. మన తర్కశాస్త్రమున కాకతాళీయమని యొక మాట కలదు; కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినవని కాకియే పండును పడగొట్టెననరాదు. అదే విచారణ శిశువుల విషయమున చేయవలెను.

వెల్లకిల పరుండబెట్టుట మన యిండ్లలో తరతరముల అలవాటు. ఈ విషయమున మన ముత్తవ్వలు నెగ్గిరి. అన్ని విషయములలోను నెగ్గిరా? కాన్పు కాగానే వచ్చు చిక్కని ముర్రుపాలను చెడ్డవని పిండి పారబోయుట అనేక కుటుంబములలో ఉండెను. రోగములను ఎదిరించు శక్తి ఆ ముర్రుపాలలోనే హెచ్చుగా కలదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయుట మరియొకటి. తేనెలో నుండదగిన ఒక సూక్ష్మజీవి ఏడాదిలోపు బిడ్డ ప్రేగులలో విషమును పుట్టింపగలదు, కనుక ఏడాది నిండువరకు తేనె కూడదు. స్నానమునకు ముందు ముక్కులో నూనెచుక్కలు వేయుట ఇంకను ప్రమాదము. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా తెచ్చును. చేతితో మెత్తగా నూనె రుద్దుటయో, మంచిదే. బుగ్గన దిష్టిచుక్క పెట్టుట వలన లాభమో లేదో నేను చెప్పజాలను గాని, నష్టము లేదు. కంటిలోపల కాటుక పెట్టుట వేరు. కొన్ని కాటుకలలో సీసము కలిసియుండును. ఈ విధముగా ఆచారములను మేలు చేయునవి, కీడు చేయునవి, రెండును చేయనివి యని మూడు రాసులుగా విడదీయుట ఆ చదువులోని పని. కీడు చేయుదానిని మాత్రమే మానుమని చెప్పి, తక్కినవాటి జోలికి పోని నర్సు మాటను ఇల్లు వినును. అన్నిటిని ఏకముగా మూఢత్వమనెడి నర్సుకు మరుసటి దినము తలుపు తెరువరు.

ఆ విద్య ఎట్లు సాగునో కొంచెము చెప్పెదను. మెల్బోర్న్ నగరములో లా ట్రోబ్, ఆర్.ఎం.ఐ.టి. మొదలగు విశ్వవిద్యాలయములు దీనిని నేర్పుచు వచ్చినవి. పూర్వము ఆ దేశమున నర్సు చదువంతయు ఆసుపత్రులలోనే జరిగెడిది. 1985 మొదలు పదేండ్లలోపల అది కళాశాలలకు, విశ్వవిద్యాలయములకు మారెను. దానివెంట శిశుసంక్షేమపు చదువును పట్టభద్రులకు పైచదువైనది. చేరువారు ముందే రిజిస్టరైన నర్సులై యుండవలెను. మెల్బోర్న్ రాజధానిగా గల విక్టోరియా రాష్ట్రములో ఈ యుద్యోగమునకు మంత్రసాని విద్యయందు కూడ రిజిస్ట్రేషను కావలెను. అనగా మూడు విద్యలు ఒక్క మనిషిలో చేరవలెను. చాలమంది ఉద్యోగము చేయుచునే, తీరిక వేళల చదువుచు, ఏడాది చదువును రెండేండ్లకు సాగదీసికొందురు. తరగతిలో కొంత, ఇంట పుస్తకములతో కొంత, అనుభవజ్ఞురాలైన నర్సు వెంట ఇండ్లు తిరిగి కొంత. పసివాని ఎదుగుదల, పాలిచ్చుట, టీకాలు, పలుకు, నడక, చూపు, వినికిడి, తండ్రి పాత్ర, ఇంటిలో కొట్లాటలు, బిడ్డకు హాని జరుగుచున్న యెడల చట్టము చెప్పు విధి, ఇవన్నియు పాఠములే.

వీటిలో ఎదుగుదల పట్టీని గూర్చి మాత్రము వివరించెదను, ఏలనన మన అంగన్‌వాడీలలోను అట్టి పట్టీ కలదు. ఒకే యీడుగల నూరుగురు ఆరోగ్యవంతులైన బిడ్డలను తేలికవారు మొదలు బరువైనవారి వరకు వరుసగా నిలిపితిమనుకొనుడు. నడుమనున్నవాడు ఏబదవవాడు. పట్టీలో అతని బరువుమీదుగా ఒక గీత పోవును. పదునైదవవాని మీదుగా మరియొకటి. మన బిడ్డ పదునైదవ గీతపై నున్నంతమాత్రమున రోగి కాడు. వరుసలో ఎవరో యొకరు పదునైదవవారు కాక తప్పదు గదా. తల్లియు తండ్రియు సన్ననివారైనచో బిడ్డయు సన్నగా నుండవచ్చును. చూడవలసినది బిడ్డ తన గీతవెంట పోవుచున్నాడా, లేక గీతలు దాటి క్రిందికి జారుచున్నాడా అనునది. ఒక్కసారి తూచి ఏమియు చెప్పలేము. మాటిమాటికి తూచినగాని దారి కనబడదు. పుట్టిన మొదటి దినములలో బిడ్డలు కొంచెము బరువు తగ్గి, సుమారు రెండు వారములకు మరల పుట్టుకబరువునకు వత్తురు. ఇది తెలియక పాలు చాలలేదని బెదరి డబ్బాపాలు పట్టుటయు, బిడ్డ కుడుచుట తగ్గి తల్లిపాలు నిజముగనే ఇంకుటయు ఎన్ని యిండ్లలో జరుగలేదు!

ఆ పట్టీ ఎవరి బిడ్డలను చూచి గీసిరని మీరడుగవచ్చును. తెల్లదొరల బిడ్డల కొలత మన బిడ్డలకు పనికివచ్చునా? న్యాయమైన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1997 నుండి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా అను ఆరు దేశములలో సుమారు 8,500 మంది పిల్లలను కొలిచి, 2006లో ఆ పట్టీని ప్రకటించిరి. మన దేశమునుండి ఢిల్లీ పిల్లలు అందున్నారు. తల్లిపాలు త్రాగి, శుభ్రమైన యింట, చాలినంత తిండితో పెరిగినచో మొదటి అయిదేండ్లలో ఆరు దేశముల బిడ్డలును ఇంచుమించు ఒకే తీరున పెరిగిరి. మన బిడ్డ పొట్టియగుట మన జాతిలక్షణమని ఇక సరిపెట్టుకొనుటకు వీలులేదు.

విక్టోరియాలో నాకు మిక్కిలి నచ్చినది ఆ ఏర్పాటు. బిడ్డ పుట్టిన నలువదియెనిమిది గంటలలోపల ఆసుపత్రివారు ఆ యూరి కౌన్సిలునకు తెలుపవలెనని 2005 నాటి చట్టము. కౌన్సిలు అనగా మన పంచాయతీ, మునిసిపాలిటీల వంటిది. నర్సులను సాధారణముగా నియమించునది ఆ కౌన్సిలే. వ్యయమును రాష్ట్ర ప్రభుత్వమును అదియు పంచుకొందురు. తల్లి ఒక్క కాసైనను ఈయనక్కరలేదు. మొదటిమారు నర్సు ఇంటికే వచ్చును. ఆపై రెండు, నాలుగు, ఎనిమిది వారములకు, నాలుగు, ఎనిమిది, పండ్రెండు, పదునెనిమిది నెలలకు, రెండేండ్లకు, మూడున్నర యేండ్లకు, మొత్తము పదిసార్లు తల్లియు నర్సును కలిసికొందురు. తొలిచూలు తల్లులను పదిమందిని ఒకచోట చేర్చి మాటలాడించుటయు కలదు. పుట్టినిల్లు సముద్రముల కావల నున్న మన పిల్లలకు ఆ కూటమే పుట్టినిల్లగుట నేను చూచితిని. 2021 జనాభా లెక్కలలో ఆ దేశమున ఇంట తెలుగు మాటలాడువారు ఏబదివేలకు మించి యున్నారు. కనుక ఇది మనవారి సంగతియు నగును.

అట్టి యొక తెలుగు ఇంట జరిగిన సంగతి, పేర్లు చెప్పక, వినిపించెదను. కోడలికి తొలికాన్పు. గుంటూరు ప్రాంతమునుండి అత్తగారు వచ్చి వంట, స్నానము, పథ్యము అన్నియు ఎత్తికొనెను. నాలుగవ వారమునకు కోడలు పలుకుట తగ్గించెను. బిడ్డ ఏడ్చినను లేవదు. తెల్లవార్లు కనులు తెరచియే పడియుండును. బద్ధకమని ఒకరు, గాలి సోకినదని ఒకరు. నర్సు వచ్చి, బిడ్డను తూచి, బాగుగా నున్నాడని చెప్పి, పిమ్మట తల్లితో ఒంటరిగా మాటలాడవలెనని కోరెను. అత్తగారు తాను దుబాసీగా నుందుననెను. నర్సు మర్యాదగా వలదని, టెలిఫోనులో తెలుగు దుబాసీని పిలిపించెను. ఇంటివారిని దుబాసీలుగా పెట్టుకొనరాదనుట ఆ విద్యలో నేర్పు నియమములలో ఒకటి. కోడలు అత్త నోట తన దుఃఖమును చెప్పించుకొనగలదా?

నర్సు అడిగినవి పది ప్రశ్నలు. 1987లో జాన్ కాక్స్ అను వైద్యుడును, అతని సహచరులైన జెనిఫర్ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ అనువారును స్కాట్లండులో వాటిని కూర్చిరి. ఎడింబరో నగరముపేర అవి ప్రసిద్ధములు. గడచిన ఏడు దినములలో నవ్వగలిగితివా, నిష్కారణముగా భయపడితివా, నిద్రపట్టనంత దుఃఖము కలిగినదా, ఇట్లు సాగును. ఒక్కొక్క జవాబునకు సున్న మొదలు మూడు వరకు లెక్క, మొత్తము ముప్పది. పదవ ప్రశ్న తనకు తాను హాని చేసికొనవలెనను తలంపు కలిగినదా యని. ఆ ప్రశ్నకు ఎన్నడును లేదనియే చాలమంది జవాబు. ఆ కోడలు లేదనలేదు.

ఇట్టి సమయమున ఏమి చేయవలెనో నేర్పుటకే ఆ చదువు. నర్సు బెదరలేదు, బోధలు చేయలేదు, నీకేమి తక్కువయని అడుగలేదు. ఆ దినమే వైద్యుని చూచునట్లు ఏర్పాటు చేసి, భర్తను పనినుండి పిలిపించి, ఆమెను ఒంటరిగా విడువరాదని చెప్పెను. అత్తగారిపై నింద మోపలేదు. "ఈ జబ్బు బాలింతలలో పదిమందికొకరికి, అంతకు మించి కూడ, వచ్చును; నయమగును; మీ చేయూత లేక నయము కాదు" అని ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని దుబాసీ ద్వారా చెప్పెను. రాత్రి బిడ్డను ఎవరెత్తుకొనవలెను, కోడలు ఎన్ని గంటలు కదలక నిద్రింపవలెను, ఇద్దరును కలిసి నిర్ణయించిరి. అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టెదననెను. కట్టుడనెను నర్సు, మందు మాత్రము మానరాదనెను. తరువాత వారము వారము వచ్చుచు ఊరక వినుచు కూర్చుండెడిదట. ఆ వినుటయు విద్యయే. 1989లో ఎడింబరో ప్రాంతమున జరిగిన పరిశోధనలో, కొద్దిపాటి శిక్షణ పొందిన నర్సులు ఎనిమిది వారములు ఇంటికిపోయి వినినంతనే, అట్టి తల్లులలో ఎక్కువమంది తేరుకొనిరని తేలెను. నేను చూచునప్పటికి ఆ కోడలు బిడ్డకు ఉగ్గు పాటలు పాడుచుండెను. అత్తగారు స్వదేశమునకు తిరిగిరాక పూర్వము, ప్రక్క యింటి బాలింతను చూచి, "ఈ పిల్ల సరిగా నిద్రపోతోందా, అడగండి" అని తానే నర్సుకు చెప్పినదట.

మన దేశమున సంగతి యేమి? బి.ఎస్‌సి. నర్సింగు ముగించి, ఒక సంవత్సరము పనిచేసిన పిమ్మట, రెండేండ్ల ఎం.ఎస్‌సి. నర్సింగు చదువు కలదు. అందులో శిశు ఆరోగ్యము ఒక శాఖ, సామాజికారోగ్యము మరియొక శాఖ, ప్రసూతి వేరొక శాఖ. విక్టోరియాలో ఒక్కచోట ముడిపడిన విద్య మనచోట మూడు పాయలైనది. శిశుశాఖ ఎక్కువగా ఆసుపత్రి వైపునకే మొగ్గును. ఇది లోపమనియే నా అభిప్రాయము. 1918లోనే ఢిల్లీలో లేడీ రీడింగ్ హెల్త్ స్కూలు ఇండ్లకుపోవు ఆరోగ్యసందర్శకురాండ్రను తయారుచేయ మొదలిడినది. ఆ త్రోవ మనకు క్రొత్త కాదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1995లో మొదలిడి, 39 గ్రామములలో పల్లెటూరి స్త్రీలకే శిక్షణ యిచ్చి ఇంటింటికి పంపి, మూడేండ్లలో నెలలోపు బిడ్డల మరణములను నూటికి అరువదిరెండు వంతులు తగ్గించిరి. 1999లో అది ప్రచురింపబడిన పిమ్మట ప్రపంచమంతయు దానిని చదివెను. 2011 నుండి మన ఆశా కార్యకర్తలు బాలింత యింటికి పోవుచున్నది ఆ దారినే. అయినను 2020 లెక్కలనుబట్టి మన దేశమున వేయిమందికి ఇరువదియెనిమిదిమంది, ఆంధ్రప్రదేశమున ఇరువదినలుగురు, తెలంగాణమున ఇరువదియొక్కరు బిడ్డలు ఏడాదిలోపల చనిపోయిరి. ఆశా కార్యకర్త చూచి చెప్పినదానిని అర్థము చేసికొని, ఆమెకు వెన్నుదన్నుగా నిలువగల విద్యావంతురాలు ఊరిలోనే యుండవలెను. 2018 నుండి ఉపకేంద్రములలో నర్సింగు పట్టభద్రులను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా నియమించుచున్నారు. పైచదువు చదివిన మీ మనుమరాలికి పని విదేశములోనే కాదు, మీ యూరిలోనే కలదు.

విదేశమునకే పోగోరు పిల్లల పెద్దలకు ఒక హెచ్చరిక. ఆస్ట్రేలియాలో ఈ నర్సుగా పనిచేయుటకు ఈ చదువొక్కటియే చాలదు. ముందుగా ఆ దేశపు నర్సుల రిజిస్టరులో పేరెక్కవలెను. అందుకు ఆంగ్లభాషా పరీక్ష, అర్హతల పరిశీలన కలవు. మన దేశమున నర్సు, మంత్రసాని అను రెండు రిజిస్ట్రేషనులు కలిసి వచ్చును. అక్కడ వేర్వేరుగా పరిశీలింతురు. "డబ్బు కట్టండి, నేరుగా సీటు, వెంటనే ఉద్యోగం" అనెడి దళారి కనబడినచో, ఆ రిజిస్టరు మాట యేమని అడిగి చూడుడు.

మీ వీధిలో ఇప్పుడు బాలింత యున్న యింటికి మూడవ దినమున, ఏడవ దినమున, పదునాలుగు, ఇరువదియొకటి, ఇరువదియెనిమిది, నలువదిరెండవ దినములలో ఆశా కార్యకర్త రావలసియున్నది; కాన్పు ఇంటనే జరిగినచో మొదటి దినమునను. పురుటిగదిలోనికి పరాయివారు రాకూడదని గుమ్మముకడనే నిలిపి పంపివేయు ఇండ్లు ఇంకను కలవు. ఆమెను చేతులు కడుగుకొనుటకు నీళ్ళిచ్చి లోపలికి పిలువుడు. ఆమె సంచిలో నొక త్రాసు, బిడ్డను పరుండబెట్టుటకు గుడ్డజోలె ఉండును. బరువెంతో చెప్పగనే ఊరకొనక, క్రిందటిసారి ఎంతయని అడుగుడు.